మైదానపు ఉస్తాద్ మర్హూం సయ్యద్ అబ్దుల్ రహీం సాహెబ్

మన దేశపు ఫుట్‌బాల్ జట్టును ఆసియాలో రెండుసార్లు మొదటి స్థానంలో నిలబెట్టిన పెద్దమనిషి ఒక బడిపంతులు. ఆయనే జనాబ్ సయ్యద్ అబ్దుల్ రహీం సాహెబ్. 2024లో మైదాన్ అనే హిందీ సినిమా వచ్చాక మన కుర్రవాళ్ళు ఆ పేరు తలుస్తున్నారు గాని, ఆయన పంతులుగిరీ సంగతి చాలామందికి తెలియదు.

రహీం సాహెబ్ 1909 ఆగస్టు 17న హైదరాబాదులో పుట్టారు. ఉస్మానియాలో బి.ఏ. చదివారు, అక్కడి జట్టులో ఆడారు. కాచిగూడ మిడిల్ స్కూలు, ఉర్దూ షరీఫ్, దారుల్ ఉలూం, చాదర్‌ఘాట్ పాఠశాలల్లో పనిచేశారు. వ్యాయామ విద్యలో డిప్లొమా పొంది పిల్లల ఆటల బాధ్యత తీసుకున్నారు. డ్రిల్లు మాస్టారంటే మన ఇళ్ళలో కొంచెం చులకనే కదా! బి.ఏ. చదివి ఎండలో పిల్లలతో నిలబడడం ఆయనకు చిన్నతనం అనిపించలేదు.

1943 నుంచి కన్నుమూసేదాకా హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి ఆయనే. 1950లో హైదరాబాదు సిటీ పోలీసు జట్టుకు శిక్షకులయ్యారు. ఆ జట్టు 1950 మొదలు 1954 వరకు వరసగా అయిదేళ్ళు బొంబాయిలో రోవర్స్ కప్పు గెలిచింది.

ఇక ఆయన నేర్పిన విధానం. మనవాళ్ళకు బంతిని కాలికి అంటించుకుని ఒక్కడే చాకచక్యం చూపడం ఇష్టం. రహీం సాహెబ్ దాన్ని మాన్పించారు. మనిషి ఎంత పరిగెత్తినా బంతి అంతకంటే వేగంగా పోతుంది, కనుక తాకిన వెంటనే తోటివాడికి అందించాలి. ఇది అలవాటు చేయడానికి డ్రిబ్లింగు నిషేధించి పోటీలు పెట్టారు. బలహీనమైన కాలితోనే ఆడాలని మరో రకం పోటీ. కుడికాలివాడు ఎడమకాలితో తన్నబోయి కిందపడితే నవ్వుకునేవారు నవ్వుకున్నా, కొన్ని నెలలు పట్టుబట్టి చేస్తే రెండు కాళ్ళూ పనికొస్తాయి. దీనికి పెద్ద సామాను అక్కరలేదు, ఖాళీ స్థలం, ఒక బంతి, విసుగులేని ఉస్తాద్ ఉంటే చాలు.

మా చోడవరంలో కానిస్టేబుల్ సెలక్షన్ల కోసం కుర్రవాళ్ళు తెల్లవారుజామునే రోడ్డు మీద పరుగులు తీస్తున్నారు. మేము చూసినంతలో అందరిదీ ఒకే నడక, ఒకే దూరం. 1600 మీటర్లకు అది కొంత పనికొస్తుంది గాని 100 మీటర్లకు చాలదు. వేగం కావాలంటే పొట్టి దూరం పూర్తి బలంతో పరిగెత్తి, ఊపిరి కుదుటపడ్డాక మళ్ళీ పరిగెత్తాలి. గట్టు ఎక్కే పరుగు, గెంతులు తొడలకు బలమిస్తాయి. ఆయాసంలోనే మళ్ళీ పరిగెత్తితే వేగం పెరగదు, అలసటే పెరుగుతుంది.

1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో ఇరాన్‌ను 1-0తో ఓడించి స్వర్ణం తెచ్చారు. మరుసటి ఏడు హెల్సింకీలో ఆ గర్వం అణిగింది. మనవాళ్ళలో చాలామంది చలిలో వట్టి కాళ్ళతో ఆడారు. యుగోస్లావియా చేతిలో 10-1. ఆ తర్వాత బూట్లు తప్పనిసరి అయ్యాయి. నాలుగేళ్ళకు మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియాను 4-2తో గెలిచి మన జట్టు నాలుగో స్థానం పొందింది. అందులో నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, జుల్ఫికరుద్దీన్, బలరాం వంటి హైదరాబాదు బిడ్డలున్నారు. ఈ బలరాం సికింద్రాబాదు దగ్గర అమ్ముగూడకు చెందిన బీదింటి కుర్రవాడు. ప్రాక్టీసుకు రావడానికి సైకిలు అద్దె రహీం సాహెబే ఇచ్చేవారట.

1962లో జకార్తాకు వెళ్ళేనాటికి ఆయన ఒంట్లో జబ్బు ముదిరింది. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా 2-0తో ఓడించింది. డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. ఉస్తాద్ అతణ్ణి కూర్చోబెట్టకుండా ముందువరసలోకి మార్చారు. ఫైనలుకు ముందు ఆటగాళ్ళను తనకొక కానుకగా స్వర్ణం ఇమ్మని అడిగారని చెప్పుకుంటారు. సెప్టెంబరు 4న లక్షమంది జనం మనకు వ్యతిరేకంగా అరుస్తుంటే, అదే కొరియాను 2-1తో ఓడించారు. ఒక గోలు పి.కె. బెనర్జీది, రెండోది కుట్లు పడ్డ జర్నైల్ సింగ్‌ది. పాకిస్తాన్ హాకీ ఆటగాళ్ళు ఆ రోజు మనవాళ్ళ పక్షాన చప్పట్లు కొట్టారని అంటారు, వినడానికి ఎంత హాయి!

1963 జూన్ 11న ఊపిరితిత్తుల కేన్సర్‌తో రహీం సాహెబ్ కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 53. ఇన్నా లిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజిఊన్. ఆయన కుమారుడు సయ్యద్ షాహిద్ హకీం 1960 రోమ్ ఒలింపిక్స్ జట్టులో సభ్యుడు, తర్వాత తానూ శిక్షకుడై 2017లో ధ్యాన్‌చంద్ పురస్కారం పొంది 2021లో మరణించారు. జకార్తా తర్వాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్ స్వర్ణం మన దేశానికి మళ్ళీ రాలేదు.