కంప్యూటరు బాట వేసిన తెలుగు బిడ్డ: అయ్యగారి సాంబశివరావు

నర్సీపట్నం ప్రాంతీయులకు మోగల్లు గ్రామం పేరు క్రొత్త కాదు. 1922 ఆగస్టులో చింతపల్లి పోలీసు ఠాణాను ముట్టడించి, 1924లో వీరమరణం పొంది, మనకు చేరువలోని కృష్ణదేవిపేటలో శాశ్వతనిద్ర పొందుతున్న అల్లూరి సీతారామరాజు పితృవంశీకులది పశ్చిమ గోదావరి ప్రాంతపు ఆ గ్రామమే. ఆ మోగల్లులోనే 1914లో మరొక ధీమంతుడు జన్మించారు. ఆయన విల్లంబులు చేపట్టలేదు. ఎలక్ట్రానిక్సు విద్యను చేపట్టి, పరదేశపు యంత్రాలపై మన దేశం ఆధారపడి ఉండవలసిన దుస్థితిపై జీవితాంతం పోరాటం సాగించారు. ఆయనే అయ్యగారి సాంబశివరావు గారు. లోకానికి ఎ.యస్. రావు గారుగా సుపరిచితులు.

నేడు మన కళాశాల విద్యార్థినీ విద్యార్థులలో అనేకుల మనస్సులను కలవరపెడుతున్న ప్రశ్న ఒకటి ఉన్నది. కంప్యూటరు రంగంలో అడుగుపెట్టడం ఎట్లు? పట్టణవాసులకు, ధనవంతుల బిడ్డలకు, ఆంగ్లం ధారాళంగా మాట్లాడగలవారికి మాత్రమే ఆ ద్వారం తెరచుకొంటుందా? ఈ సందేహానికి సమాధానం కోరేవారు రావు గారి జీవితాన్ని తప్పక పరిశీలించాలి. ఏలనంటే, ఆయన చదువుకొన్న దినాలలో ఈ ప్రపంచంలో దాదాపు ఎక్కడా కంప్యూటరు అనే పాఠ్యాంశం లేదు!

రావు గారు కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో విజ్ఞానశాస్త్రాన్ని అభ్యసించి, తరువాత అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగు విద్య పూర్తి చేశారు. స్వదేశానికి తిరిగివచ్చి, హోమీ భాభా 1945లో నెలకొల్పిన టాటా మౌలిక పరిశోధనా సంస్థలో చేరారు. అక్కడ విశ్వకిరణాలపై పరిశోధనలు సాగుతున్నవి. అంతరిక్షం నుండి దూసుకువచ్చే కణాలు కంటికి కనబడవు, చేతికి చిక్కవు. వాటిని గుర్తించి లెక్కించడానికి ఎలక్ట్రానిక్ పరికరాలు కావాలి. విదేశాల నుండి తెప్పించుకొనడానికి విదేశీ మారకద్రవ్యం కొరతగా ఉన్న రోజులవి. కనుక స్వయంగా తయారుచేసుకొనడం తప్పనిసరి అయినది.

ఇక్కడ పాఠకులు ఒక విశేషాన్ని గమనించాలి. కణం ఒకటి తగిలినప్పుడల్లా పరికరంలో ఒక విద్యుత్ స్పందన పుడుతుంది. ఆ స్పందనలు యాంత్రికమైన లెక్కింపు సాధనానికి అందనంత వేగంగా వస్తాయి. అందువలన రెండు స్పందనలకు ఒకటి చొప్పున మాత్రమే ముందుకు పంపే వలయాన్ని శాస్త్రజ్ఞులు కల్పించారు. ఇంగ్లండులో విన్ విలియమ్స్ అనే శాస్త్రజ్ఞుడు 1932లోనే ఈ మార్గాన్ని చూపాడు. ఇటువంటి వలయాలను వరుసగా పేర్చితే నాలుగుకు ఒకటి, ఎనిమిదికి ఒకటి, పదహారుకు ఒకటి చొప్పున లెక్క సాగుతుంది. సున్న, ఒకటి అనే రెండే అంకెలతో నడిచే ఈ గణనమే కంప్యూటరుకు ప్రాణం. కణాలను లెక్కించడానికి పుట్టిన విద్యయే కాలక్రమాన సమస్త గణనానికి పునాదియై నిలిచినది. చేతిలో ఉన్న పనిని శ్రద్ధగా సాధించినవారు తమకు తెలియకుండానే రాబోయే యుగపు వాకిట నిలిచారు!

అనంతరం రావు గారు ట్రాంబేలోని అణుశక్తి సంస్థలో ఎలక్ట్రానిక్సు విభాగానికి నాయకత్వం వహించారు. 1956 ఆగస్టులో పనిచేయనారంభించిన మన తొలి అణు రియాక్టరు అప్సరకు నియంత్రణ పరికరాలను సమకూర్చడంలో ఆ విభాగం పాలుపంచుకొన్నది. 1960లో పద్మశ్రీ, 1965లో భట్నాగర్ పురస్కారం, 1972లో పద్మభూషణ్ ఆయనను వరించినవి.

1962 నాటి చైనా యుద్ధం మన బలహీనతలను కన్నులకు కట్టినది. ఎలక్ట్రానిక్సులో దేశానికి స్వయంపోషకత్వం సాధించే మార్గాలను సూచించడానికి 1963లో భాభా అధ్యక్షతన ప్రభుత్వం ఒక సంఘాన్ని నియమించినది. విక్రమ్ సారాభాయి, మన ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో ఆచార్యులుగా పనిచేసిన సూరి భగవంతం, సాంబశివరావు గార్లు అందులో సభ్యులు. సభ్యులు కొలదిమంది అయిన ఆ సంఘంలో ఇద్దరు తెలుగువారు ఉండడం మనకు గర్వకారణం. నివేదిక వెలువడే వేళకు, 1966 జనవరిలో, విమాన ప్రమాదంలో భాభా అస్తమించారు. నాయకుని కోల్పోయిన ఆ ఆశయం కాగితాలకే పరిమితం కావచ్చునన్న భయానికి తావున్న ఘడియ అది. కాని 1967 ఏప్రిల్‌లో హైదరాబాదులో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా అవతరించినది. దానిని నిలబెట్టి నడిపించిన బాధ్యత రావు గారిది.

ట్రాంబేలో రూపుదిద్దుకొన్న టి.డి.సి. 12 అనే కంప్యూటరు 1969లో వెలుగు చూసినది. 1970 దశకంలో టి.డి.సి. 312, టి.డి.సి. 316 అనే యంత్రాలు హైదరాబాదులో తయారైనవి. ఈ యంత్రాలకు ఆదేశాలు వ్రాసే వారెవరు? ఆనాడు మన దేశంలో కంప్యూటరు పట్టభద్రులు లేనట్లే. భౌతికశాస్త్రం, గణితం, ఎలక్ట్రానిక్సు చదివిన యువకులే పనిలో చేరి, పనిలోనే నేర్చి ప్రోగ్రాములు వ్రాశారు. పెద్ద సమస్యను చిన్న చిన్న మెట్లుగా విడదీసి, ఏ మెట్టూ జారకుండా వరుసగా చెప్పడమే ప్రోగ్రాము. అట్టి క్రమపద్ధతికి ఆల్గారిథమ్ అని పేరు. తొమ్మిదవ శతాబ్దంలో బాగ్దాదు నగరంలో గణితవిద్యను వెలయించిన అల్ ఖ్వారిజ్మీ పేరు నుండియే ఆ మాట పుట్టినది. ఈ విద్య ఏ ఒక్క భాష సొత్తూ కాదు, ఏ ఒక్క జాతి సొత్తూ కాదు.

కంప్యూటరు వచ్చిన క్రొత్తలో దానిపై భయాందోళనలు లేకపోలేదు. తమ ఉద్యోగాలు పోవునని కలకత్తాలో జీవిత బీమా సంస్థ ఉద్యోగులు 1960 దశకంలో కంప్యూటరు రాకను తీవ్రంగా ప్రతిఘటించారు. వారి ఆందోళన అకారణమని అనలేము. యంత్రం కొన్ని పనులను తొలగించిన మాట నిజం. అయితే ఆ యంత్రాన్ని రూపొందించి, నడిపి, బాగుచేసే క్రొత్త పనులు వేలాదిమందికి జీవనోపాధి కల్పించిన మాట కూడా అంతే నిజం. రావు గారు నిర్మించిన సంస్థయే పిమ్మట ఓటింగు యంత్రాలనూ తయారుచేసి, సామాన్య పౌరుని చేతికి ఎలక్ట్రానిక్సును అందించినది.

2003లో సాంబశివరావు గారు కీర్తిశేషులైనారు. హైదరాబాదులోని ఎ.యస్. రావు నగర్ ఆయన పేరును నేటికీ నిలుపుతున్నది.

విద్యార్థి మిత్రులారా! ఖరీదైన యంత్రం లేదనీ, మహానగరం దూరమనీ నిరుత్సాహపడకండి. మన గణితపు తరగతిలో ఒక లెక్కను మెట్టుమెట్టుగా సాధించడం, ప్రయోగశాలలో ఒక వలయం ఎందుకు పనిచేయలేదో ఓపికతో వెదకడం, తప్పును కనుగొని సరిదిద్దడం కూడా కంప్యూటరు విద్యకు తొలి పాఠాలే. పాఠ్యపుస్తకమే లేని కాలంలో మోగల్లు బిడ్డ ఒక పరిశ్రమను నిలబెట్టగలిగారు. ఇన్ని పుస్తకాలు, ఇన్ని సాధనాలు అందుబాటులో ఉన్న ఈ కాలంలో నర్సీపట్నం బిడ్డలు వెనుకంజ వేయవలసిన పనిలేదు.