బ్రహ్మంగారిని ప్రశ్నలడిగిన దూదేకుల బిడ్డ
ముడుమాల సిద్దయ్య జీవిత కథ

కడప జిల్లాలో పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి పేరు వినని పల్లె లేదు. బ్రహ్మంగారి పేరు చెప్పగానే కాలజ్ఞానం గుర్తుకొస్తుంది. ఆ వెంటనే నోటికి వచ్చే పేరు సిద్దయ్య. గురువు కంసాలి ఇంట పెరిగినవారు. శిష్యుడు దూదేకుల ముస్లింల బిడ్డ. మతం పేర, కులం పేర మనుషులు ఎడంగా బతికిన కాలంలో ఈ ఇద్దరూ ఒకేచోట కూర్చుని దేవుడెక్కడున్నాడు, చావంటే ఏమిటి, పుట్టుకకు అర్థమేమిటి అని మాట్లాడుకున్నారు. అడిగినవాడు సిద్దయ్య, చెప్పినవారు బ్రహ్మంగారు. బ్రహ్మంగారి బోధల్లో జనం నోళ్లలో నిలిచినవి చాలావరకు సిద్దయ్యకు చెప్పిన జవాబులే.

దూది ఏకే ఇల్లు

సిద్దయ్యది ముడుమాల గ్రామం. బ్రహ్మంగారు స్థిరపడిన కందిమల్లాయపల్లెకు ఇది దగ్గరి ఊరు. తండ్రి పీరు సాహెబు, తల్లి ఆదంబీ అని మఠాల కథనాలు చెబుతాయి.

దూదేకులవారిని పింజారులని, నూర్‌బాషాలని కూడా పిలుస్తారు. రైతులు గింజ తీసిన పత్తి తెచ్చిస్తే విల్లుతో ఏకి మెత్తని దూది చేయడం వీరి కులవృత్తి. ఆ దూదితో రాట్నాలకు ఏకులు చేసేవారు, పరుపులు, దిండ్లు కుట్టేవారు. మిల్లులు వచ్చాక ఆ వృత్తి దెబ్బతిన్నది. వీరు నమాజు చేస్తారు, రంజాను పాటిస్తారు. ఇంట్లో మాట్లాడేది మాత్రం తెలుగే. చుట్టుపక్కల హిందువుల ఆచారాలు కొన్ని వీరి ఇళ్లలోనూ కనిపిస్తాయి. రెండు మతాల గాలీ సోకే ఇంట్లో పుట్టినందువల్లనేమో, సిద్దయ్యకు చిన్నప్పటి నుంచే దేవుడి మీద ధ్యాస ఎక్కువని, ఏ సాధువు కనిపించినా వెంటపడి ప్రశ్నలు వేసేవాడని పెద్దలు చెబుతారు.

పశువుల కాపరి, వడ్రంగి

బ్రహ్మంగారు పాపఘ్ని మఠంలో వీరభోజయాచార్యులు, వీరపాపమాంబ దంపతుల వద్ద పెరిగారని, చిన్న వయసులోనే దేశాటనకు బయలుదేరి బనగానపల్లె చేరారని చరిత్ర చెప్పేవారు అంటారు. అక్కడ గరిమిరెడ్డి అచ్చమ్మ ఇంట పశువుల కాపరిగా కుదిరారు. పశువులను మేతకు వదిలి, రవ్వలకొండ గుహలో కూర్చుని తాటాకుల మీద కాలజ్ఞానం రాశారని ప్రతీతి. బనగానపల్లె ఒకప్పుడు వేరే సంస్థానం. తర్వాతి కాలంలో కర్నూలు జిల్లాలో చేరింది, 2022 నుంచి నంద్యాల జిల్లాలో ఉంది.

అక్కడి నుంచి ఆయన కందిమల్లాయపల్లెకు వచ్చి వడ్రంగి పని చేసుకుంటూ కాపురం పెట్టారు. పెదకొమెర్ల శివకోటయ్య కూతురు గోవిందమ్మను పెండ్లాడారు. అడవికి పోయి తపస్సు చేసిన మునిగా కాక, నాగళ్లు చెక్కుతూ ఊళ్లో మనిషిగా బతికారు. అందుకే రైతులు, కూలీలు, చేతివృత్తులవారు ఆయన దగ్గరికి జంకు లేకుండా వచ్చేవారు. అలా వచ్చినవారిలో ముడుమాల కుర్రవాడు ఒకడు.

తల్లిదండ్రుల గోడు

కుర్రవాడు గురువు మాటలు విని ఇక ఇంటికి పోనన్నాడు. శిష్యుడిగా ఉంచుకోమని కాళ్లా వేళ్లా పడ్డాడు. బ్రహ్మంగారు వెంటనే ఒప్పుకోలేదని, తల్లిదండ్రులకు కష్టం కలుగుతుందని, లోకం ఊరుకోదని నచ్చచెప్పారని కథ. అతను కదల్లేదు. చివరకు గురువు దగ్గరకు తీసుకుని సిద్దయ్య అని పిలిచారు.

కొడుకు కనబడక పీరు సాహెబు, ఆదంబీ ఊరూరా వెతికారు. కందిమల్లాయపల్లెలో ఉన్నాడని తెలిసి పరుగున వచ్చారు. తమ బిడ్డకు మందు పెట్టి మతం మార్చారని గోల చేశారు. కన్నవారి బాధ తప్పుపట్టదగినది కాదు. చేతికి అందివచ్చిన కొడుకు వేరే దేవుడి పేరు చెప్పి ఇల్లు విడిస్తే ఏ ఇంట్లోనైనా పొయ్యి వెలగదు. సిద్దయ్య వారికి ఓర్పుగా సమాధానం చెప్పాడంటారు. తాను అల్లాను విడవలేదని, సృష్టించినవాడు ఒక్కడేనని, ఆ ఒక్కడిని తెలుసుకునే దారి చూపే గురువు దొరికాడని వివరించాడు. వారి మనసు కుదుటపడలేదు. వెళ్లి నవాబుకు ఫిర్యాదు చేశారు.

నవాబు దర్బారులో

జనం ఇష్టంగా చెప్పుకొనే ఘట్టం ఇదే. నవాబు మనుషులు గురువును పట్టుకుపోవడానికి వచ్చారు. గురువుకు బదులు తానే వెళ్తానని సిద్దయ్య బయలుదేరాడు. మహమ్మదీయుడివై పుట్టి హిందువుల గురువును ఆశ్రయించడమేమిటని దర్బారులో నిలదీశారు. పుట్టుకను బట్టి దేవుడు వేరుకాడని, నీళ్లను ఏ కడవలో ముంచినా నీళ్లేనన్న తీరులో సిద్దయ్య జవాబిచ్చాడు.

నవాబుకు సలాము చేయలేదని అక్కడివారు ఆగ్రహించారు. తన సలాము గురువు తప్ప మరొకరు తాళలేరని సిద్దయ్య అన్నాడు. అలాగైతే రుజువు చూపమన్నారు. పెద్ద బండరాయిని తెప్పించి ఎదుట పెట్టించారు. సిద్దయ్య గురువును తలచుకుని సలాము చేయగానే బండ ముక్కలైందని ప్రతీతి. నవాబు దిగివచ్చి సిద్దయ్యను గౌరవంగా సాగనంపాడంటారు.

బండ పగలడం భక్తుల నమ్మకం. ఆ కథలో ఇంకొక విషయం ఉంది. సిద్దయ్య దర్బారులో చూపిన మహిమ హోమం కాదు, మంత్రం కాదు. తల్లిదండ్రులు చిన్ననాడు నేర్పిన సలామే. గురువుకు రోజూ మొక్కిందీ ఆ సలాముతోనే. గురువు దాన్ని మాని దండం పెట్టమన్నట్టు కథ ఎక్కడా చెప్పదు. మతం మార్చారన్న ఫిర్యాదుకు ఇంతకంటే జవాబు ఏముంటుంది.

దేహంలో దేవుడు

సిద్దయ్య అడిగిన ప్రశ్నల్లో ముఖ్యమైనది దేవుడు ఎక్కడ ఉంటాడన్నది. బ్రహ్మంగారు మనిషి దేహాన్నే చూపించారు. దేహంలో 6 చక్రాలు ఉన్నాయని, మూలాధారంలో గణపతి, స్వాధిష్ఠానంలో బ్రహ్మ, మణిపూరకంలో విష్ణువు, అనాహతంలో రుద్రుడు ఉంటారని, ఇలా ఒక్కో మెట్టు ఎక్కి పైకి పోతే చివరకు రూపం, పేరు లేని వెలుగు ఒక్కటే మిగులుతుందని బోధించారు. యోగశాస్త్రంలో ఇది పాత మాటే. దానిని చదువు రానివారికి సైతం తెలుగులో విడమరచడం బ్రహ్మంగారి గొప్పతనం.

ఈ బోధ సిద్దయ్యకు పరాయిగా తోచి ఉండదు. అల్లాకు రూపం లేదని ఇస్లాం చెబుతుంది. దేవుడు మనిషికి అతి చేరువలో ఉన్నాడని ఖురాను చెబుతుంది. మనసును కడుక్కుంటే లోపలే ఆయన జాడ తెలుస్తుందని సూఫీ ఫకీర్లు ఊరూరా చెప్పేవారు. గురువు గుడి వైపు నుంచి, శిష్యుడు మసీదు వైపు నుంచి బయలుదేరి ఒకే చోటికి చేరినట్టయింది.

ఇలాంటి మాటను పైపైన వింటే ఏమవుతుందో చెప్పడానికి కక్కయ్య కథ ఉంది. మాదిగ కులానికి చెందిన కక్కయ్య, గురువు సిద్దయ్యకు చెబుతున్న బోధ చాటు నుంచి విన్నాడు. దేహంలో దేవతలున్నారన్న మాటను ఉన్నదున్నట్టు పట్టుకున్నాడు. ఇంటికి పోయి నిద్రపోతున్న భార్యను కోసి చూశాడు. నెత్తురు, పేగులు తప్ప దేవుడు కనిపించలేదు. కోపంతో, దుఃఖంతో వచ్చి బ్రహ్మంగారిని అబద్ధాలకోరని తిట్టాడు. బ్రహ్మంగారు అతని ఇంటికి వెళ్లి భార్యను బతికించారని, కక్కయ్య ఆనాటి నుంచి శిష్యుడయ్యాడని కథ. పెద్ద ప్రశ్నకు జవాబు కత్తితో వెతికితే దొరకదని పల్లె జనం దీని నుంచి నేర్చుకున్నారు. మాదిగ ఇంటి గడపకు గురువు నడిచి వెళ్లారన్నది కూడా ఆ కాలానికి చిన్న సంగతి కాదు.

తోటి శిష్యుల అసూయ

సిద్దయ్యపై గురువుకున్న ప్రేమ చూసి మిగతా శిష్యులు కొందరు ఓర్వలేకపోయారు. మతం కాని మతంవాడికి అంత చనువేమిటన్నది వారి లోపలి మాట. బ్రహ్మంగారు ఒకనాడు కుళ్లిన కుక్క కళేబరాన్ని చూపించి, దీన్ని తినగలవారెవరని అడిగారట. అందరూ ముక్కు మూసుకున్నారు. సిద్దయ్య ఒక్కడే గురువు మాట మీద తినడానికి కూర్చున్నాడట. ఎక్కువ తక్కువలన్న రోత మనసు నుంచి పోయినవాడే అసలు శిష్యుడని గురువు తేల్చారు. ఈ కథ వినడానికి ఇబ్బందిగా ఉన్నా, ఇది చెప్పబడింది కుక్క గురించి కాదు. మనిషిని మనిషి అంటరానివాడిగా చూసిన అసహ్యం గురించి.

చావంటే ఏమిటి

బ్రహ్మంగారు వైశాఖ శుద్ధ దశమి నాడు కందిమల్లాయపల్లెలో సజీవ సమాధిలో ప్రవేశించారని భక్తుల నమ్మకం. ఆ సంవత్సరం 1693 అని మఠం సంప్రదాయం చెబుతుంది. ఆ రోజు ప్రియ శిష్యుడు దగ్గర లేడు. పూజకు పూలు తెమ్మని గురువే బనగానపల్లెకు పంపారు. ఎదుట ఉంటే సిద్దయ్య పోనివ్వడని తెలిసే అలా చేశారంటారు.

దారిలో కబురు తెలిసి సిద్దయ్య ఏడుస్తూ పరుగెత్తుకొచ్చాడు. అప్పటికే సమాధిపై బండ మూసి ఉంది. తనకు చెప్పకుండా పోయారని నేలపై పడి పొర్లాడు. గురువు లేని బతుకు వద్దని ప్రాణం తీసుకోబోయాడు. ఇన్నేళ్లు చావు గురించి విన్నవాడే చావు ఎదుట నిలవలేకపోయాడు. చదువుకున్నవారికి, బోధలు విన్నవారికి సైతం సొంత మనిషి పోతే దుఃఖం ఆగదు. సిద్దయ్యను జనం ఇంతగా ప్రేమించడానికి ఈ ఏడుపు ఒక కారణం.

శిష్యుడి రోదన విని బ్రహ్మంగారు సమాధి నుంచి పలికారని, బండ తొలగించుకుని వచ్చి ఓదార్చారని కథ. దేహం పాత బట్ట వంటిదని, పోయేది అదేనని మరోసారి బోధించారట. తన దండం, కమండలం, పాదుకలు, ముద్రిక సిద్దయ్య చేతికిచ్చి ముడుమాలకు వెళ్లి సంసారిగా బతకమని ఆజ్ఞాపించారట. కొడుకులున్న గురువు తన గుర్తులను దూదేకుల శిష్యుడి చేతిలో పెట్టారన్నది మూడు వందల ఏళ్లకు పైగా ఈ జిల్లా జనం చెప్పుకొంటున్న మాట.

మళ్లీ సొంత ఊరికి

సిద్దయ్య ఏ ఊరి నుంచి వెళ్లిపోయారో ఆ ఊరికే తిరిగి వచ్చారు. ముడుమాలలో ఉంటూ గురుబోధ చెప్పారు. హిందువులు, ముస్లింలు ఇద్దరూ ఆయన దగ్గర కూర్చునేవారు. ఆయన పేరిట తత్వాలు వాడుకలోకి వచ్చాయి. కందిమల్లాయపల్లె మఠం గురువు వంశం వారి చేతిలో నడవగా, ముడుమాలలో సిద్దయ్య మఠం వెలసింది. కొడుకు పోయాడని ఏడ్చిన ఇంటికి కొడుకు తిరిగి వచ్చాడు. మరో మతం గురువు దగ్గర నేర్చుకున్నంత మాత్రాన పుట్టిన ఇల్లు విడవనక్కర లేదని ఆయన బతుకే చూపించింది.

నేటికీ నిలిచిన మాట

ఈ కథను బతికించింది పుస్తకాల కంటే జనమే. రాత్రిళ్లు భజన మందిరాల్లో తంబుర మీద తత్వాలు పాడారు. హరికథలు, నాటకాలు ఆడారు. 1984లో నందమూరి తారక రామారావు బ్రహ్మంగారిగా, బాలకృష్ణ సిద్దయ్యగా వచ్చిన సినిమాతో ఈ కథ రాష్ట్రమంతటా వ్యాపించింది. కందిమల్లాయపల్లె పేరు బ్రహ్మంగారిమఠంగా మారింది. దగ్గరలోని జలాశయానికి బ్రహ్మంసాగర్ అని పేరు పెట్టారు. వైశాఖ మాసంలో జరిగే ఆరాధనకు దూరప్రాంతాల నుంచి భక్తులు వస్తారు.

ఈ జిల్లాలో సిద్దయ్య దారి ఒంటరిది కాదు. ఉగాది నాడు దేవుని కడప వేంకటేశ్వరుడి గుడికి ముస్లింలు వచ్చి కొబ్బరికాయ కొడతారు. బీబీ నాంచారమ్మ తమ ఆడబిడ్డ అని, స్వామి తమ అల్లుడని వారి నమ్మకం. కడప పెద్ద దర్గాలో చాదర్ సమర్పించే వారిలో హిందువులు ఎందరో. పీర్ల పండుగ వస్తే అన్ని కులాలవారూ గుండం చుట్టూ చేరే ఊళ్లు అనేకం.

అయితే పండుగ నాడు కలవడం ఒక ఎత్తు. ఎదుటివాడి దేవుడి గురించి కూర్చుని అడగడం, చెప్పింది చెవి పెట్టి వినడం మరొక ఎత్తు. సిద్దయ్య చేసింది ఆ రెండో పని. దానికి తల్లిదండ్రుల కన్నీరు చూడాల్సి వచ్చింది, పాలకుడి ముందు నిలబడాల్సి వచ్చింది, తోటివారి ఈసడింపు భరించాల్సి వచ్చింది. గొడవ పెట్టుకోలేదు, తన సలాము మానుకోలేదు. మతం పేర ఎక్కడైనా మాట పెరిగినప్పుడు ఊరి పెద్దలు ముడుమాల సిద్దయ్య కథను పిల్లలకు చెప్పడం మేలు.