హల్గీ ఎవరి కోసం మోగాలి? అన్నాభావు సాఠే తమాషా

అన్నాభావు సాఠే అనగానే మనలో చాలామందికి ఫకీరా నవల గుర్తొస్తుంది. ఆయన ముప్పైకి పైగా నవలలు, వందల కథలు రాశాడు కాబట్టి అది సహజమే. కానీ బొంబాయి మిల్లు కార్మికులు ఆయన్ను ముందు చదవలేదు, విన్నారు. హార్మోనియం, ఢోల్కీ రెండూ వాయించగలిగి, ఆటను రాసి, దానికి వరసలు కూర్చి, బృందాన్ని నడిపిన షాహిర్‌గానే ఆయన వాళ్లకు తెలుసు. మేం చెప్పదలిచింది ఆ అన్నాభావు గురించి.

అసలు పేరు తుకారాం. 1920 ఆగస్టు 1న, ఇప్పటి సాంగ్లీ జిల్లా వాళ్వా తాలూకాలోని వాటేగావ్‌లో మాంగ్ కులంలో పుట్టాడు. ఆ కులాన్ని అంటరానిదన్నది ఊరు, నేరస్థుల జాతి అని ముద్ర కొట్టింది బ్రిటిష్ సర్కారు. బడిలో ఎక్కువ రోజులు నిలవలేదు. పదకొండేళ్ల వయసు ప్రాంతంలో కుటుంబంతో కాలినడకన బొంబాయి చేరాడు. మూటలు మోశాడు, వీధుల్లో సరుకులమ్మాడు, బట్టల మిల్లులో పనిచేశాడు. అక్షరాలు చాలావరకు సినిమా పోస్టర్లు, దుకాణాల బోర్డులు చూసి నేర్చుకున్నాడంటారు. సంగీతానికి మాత్రం అంత వెతుకులాట అక్కర్లేకపోయింది. దగ్గరి బంధువు బాపూ సాఠేకు తమాషా బృందం ఉండేది. అన్నాభావు చిన్నప్పుడే అందులో చేరాడు.

ఇక్కడ హల్గీ గురించి ఒక మాట. హల్గీ మన మాదిగ డప్పుకు తోబుట్టువు. చావుకైనా జాతరకైనా దాన్ని వాయించాల్సింది మాంగ్‌లే, అది వాళ్ల కులవృత్తి. తమాషా ఆడేవాళ్లూ ఎక్కువగా మాంగ్, మహార్ కులాలవాళ్లే. డబ్బులు విసిరేది మాత్రం ఊరి పెద్దలు. అంబేడ్కర్ పిలుపుతో వేలాది మహార్లు ఊరి వెట్టిపనులు, చచ్చిన పశువుల మోత వదిలేశారు. అలాంటప్పుడు కులం అంటగట్టిన వాద్యాన్ని ఏం చేయాలి? పారేయాలా, చేతిలోనే ఉంచుకోవాలా? ఈ ప్రశ్న మనకూ పాతదే. ఊళ్లో చావుడప్పు కొట్టనని ఎదురుతిరిగిన మాదిగలున్నారు. 1994లో మొదలైన మాదిగల ఉద్యమం దండోరా అనే పేరు పెట్టుకుని అదే డప్పును భుజాన వేసుకుంది. వాద్యం ఒకటే. ఎవరి కోసం మోగుతుందన్నదే తేడా. అన్నాభావు రెండో దారి పట్టాడు.

ఆయన చేసిందేమిటో తెలియాలంటే తమాషా వరస తెలియాలి. మొదట గణ్, అంటే గణపతి స్తుతి. తర్వాత గవళణ్: కృష్ణుడు, పాలమ్మే గొల్లభామలు, వాళ్ల మధ్య సరసాలు. ఆపైన లావణి పాటలు, చివర కథ నడిపే వగ్. వెనక ఢోల్కీ, హల్గీ, తాళాలు, తుంతునే అనే ఒంటితీగ వాద్యం, వంతపాడేవాళ్లు. అన్నాభావు ఈ చట్రాన్ని పగలగొట్టలేదు. గణ్ ఉంచాడు గానీ అందులోంచి గణపతిని తీసేశాడు. మొదటి వందనం కన్న నేలకు, శివాజీకి, చెమటోడ్చేవాళ్లకు, అమరులకు చేరింది. (శివాజీ పేరు చూసి ఇవాళ కొందరు ఉలిక్కిపడొచ్చు. 1869లోనే జోతిబా ఫూలే శివాజీ మీద పొవాడా రాశాడని, అందులో ఉన్నది రైతుల రాజని గుర్తుంచుకోవాలి.) గవళణ్‌ను, ఆడవాళ్లను ఆటబొమ్మలు చేసే ఆ సరసాన్ని, తీసి పక్కన పెట్టాడు. వగ్‌లోకి రాజుల బదులు వడ్డీవ్యాపారి, మిల్లు యజమాని, మంత్రి వచ్చారు.

ఇదంతా ఆయన ఒక్కడి సృష్టి అనడం సరికాదు. అంతకుముందే సత్యశోధక జల్సాలు ఇదే చట్రాన్ని బ్రాహ్మణాధిపత్యం మీదికి తిప్పాయి, అంబేడ్కరీ జల్సాలు దాన్ని వాడవాడకూ తిప్పాయి. అన్నాభావు దాన్ని మిల్లుల గేట్ల దాకా తెచ్చాడు.

1944లో అమర్ షేక్, దత్తా గవాణ్కర్‌లతో కలిసి లాల్ బావటా కలాపథక్ పెట్టాడు. లాల్ బావటా అంటే ఎర్రజెండా. ముగ్గురూ షాహిర్లే. అమర్ షేక్ గొంతు మైకు లేకపోయినా మైదానం చివరిదాకా వినిపించేదని చెప్పుకుంటారు. వాళ్ల పనితీరులో మాకు నచ్చేదొకటుంది. కొత్త రాగాల కోసం వాళ్లు పాకులాడలేదు. లాల్‌బాగ్, పరేల్ చాళ్లలో ఉన్న కార్మికులు సాతారా, కొంకణ్ ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు. ఆ ఊళ్ల వరసలు వాళ్ల చెవుల్లో అప్పటికే ఉన్నాయి. తెలిసిన వరసలో తెలియని సంగతి చెబితే వినేవాడే వంతపాడతాడు. బుర్రకథలో తందాన అందుకున్నట్టే పొవాడాలో వంతగాళ్లు జీ జీ అని అందుకుంటారు. స్టాలిన్‌గ్రాడ్ పోరాటం మీద ఆయన కట్టిన పొవాడా అలాగే మిల్లువాడలకు చేరింది. ఎక్కడో రష్యాలో జరిగే యుద్ధం ఢోల్కీ మీద అర్థమైంది.

ఇలాంటి ఆటను సర్కారు ఊరకే వదలదు. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో బొంబాయి ప్రభుత్వం తమాషా మీద నిషేధం పెట్టింది, బూతు అని సాకు చెప్పింది. అదే రోజుల్లో ఇటు మద్రాసు ప్రభుత్వం ప్రజానాట్యమండలి ఆడుతున్న మా భూమి నాటకాన్ని నిషేధించింది. అన్నాభావు తన ఆటకు లోకనాట్యం అని పేరు పెట్టాడు. ఆ పేరు నిలిచిపోయింది. ఇవాళ మరాఠీ రంగస్థలం గౌరవంగా వాడే ఆ మాట ఒక మాంగ్ కళాకారుడు నిషేధాన్ని దాటడానికి ఎంచుకున్నదని ఎంతమందికి గుర్తుంది?

సంయుక్త మహారాష్ట్ర ఉద్యమంలో కట్టిన మాఝీ మైనా పాటలో ఆయన నేర్పు బాగా కనిపిస్తుంది. పొట్టకూటికి బొంబాయి వచ్చినవాడు ఊళ్లో వదిలొచ్చిన ఇల్లాలిని తలుచుకుంటాడు. లావణికి విరహం పాత సరుకే. పాట సాగేకొద్దీ ఆ ఎడబాటు బెళగావి, కార్వార్, నిపాణీల ఎడబాటుగా మారిపోతుంది. వలస కూలీ దుఃఖంలోంచి రాజకీయ డిమాండు పుట్టడం ఇంత తేలిగ్గా ఇంకెక్కడా మేం చూడలేదు. 1960 మే 1న మహారాష్ట్ర ఏర్పడింది.

1958లో బొంబాయిలో జరిగిన మొదటి దళిత సాహిత్య సమ్మేళనంలో ఆయనే మాట్లాడాడు. భూమిని శేషుడు మోయడం లేదని, దళితులూ శ్రామికులూ తమ అరచేతుల మీద మోస్తున్నారని అక్కడ ఆయన చెప్పిన సంగతి అందరికీ తెలిసిందే. మరుసటి ఏడాది వచ్చిన ఫకీరాను అంబేడ్కర్‌కు అంకితమిచ్చాడు. కమ్యూనిస్టా, అంబేడ్కరీయుడా అని ఆయన్ను పంచుకునే తగువు ఇప్పటికీ నడుస్తూనే ఉంది. ఆయన పాటల్లో ఆ గీత కనిపించదు.

1961లో సోవియట్ దేశం తిరిగొచ్చి యాత్రా గ్రంథం రాశాడు. ఉండడం మాత్రం ఘాట్‌కోపర్‌లోని చిరాగ్ నగర్ గుడిసెలోనే. ఆయన కథలు సినిమాలయ్యాయి, పేదరికం పోలేదు. 1969 జూలై 18న కన్నుమూశాడు. అప్పటికి నలభై తొమ్మిదేళ్లు కూడా నిండలేదు. 2002లో తపాలా బిళ్ల వచ్చింది, 2022లో మాస్కోలో విగ్రహం లేచింది. అన్ని పార్టీల నాయకులూ దండలు వేస్తారు. గణ్‌లోంచి ఆయన ఎవర్ని తీసేశాడో ఆ సభల్లో ఎవరూ ఎత్తరు.

ఆయన పోయిన ఆరు వారాలకు, అదే ఏడాది ఆగస్టులో, అమర్ షేక్ రోడ్డు ప్రమాదంలో చనిపోయాడు.