సుందరయ్యగారు – జీతం లేని సేవ

భూస్వామి ఇంట పుట్టి కూలీలకు సంఘం పెట్టిన మనిషి గురించి చెప్పుకునేటప్పుడు ఆయన పెట్టిన చిన్న అంగడి దగ్గర కాసేపు ఆగాలి. పుచ్చలపల్లి సుందరయ్యగారు 1913 మే 1న నెల్లూరు జిల్లా అలగానిపాడులో పుట్టారు. 1930లో, పదిహేడేళ్ళ వయసులో, మద్రాసులో కాలేజీ చదువు వదిలి ఉప్పు సత్యాగ్రహంలో దిగి జైలుకెళ్ళారు. విడుదలై ఊరికొచ్చి పాలేళ్ళను, కూలీలను కూడగట్టారు. పేరు చివర రెడ్డి తీసేశారు. లాభం వేసుకోకుండా సరుకులమ్మే దుకాణం నడిపారు, జబ్బు చేసినోళ్ళకు మందులిచ్చారు. ఇదేదో ధర్మకార్యం అనుకుంటే పొరపాటు. ఉప్పుకూ పప్పుకూ ఆసామి వాకిట్లో చెయ్యి చాపే కూలీ, కూలి రేటు కోసం ఆ ఆసామి మీదనే ఎన్నాళ్ళు సమ్మె చేస్తాడు? అంగడీ సంఘమూ ఒకదానికొకటి ఆసరా.

ఇక్కడొక మాట దాచకుండా చెప్పుకోవాలి. సుందరయ్యగారికి తిండి పెట్టడానికి ఇంటి భూమి ఉంది. ఆయన వెంట తిరిగిన కూలీకి అదీ లేదు. పని మానితే పొయ్యి వెలగదు. ఆయన తరువాత తన వాటా ఆస్తిని పార్టీకిచ్చేశారు. 1943లో లీలగారిని పెళ్ళాడి, పిల్లలు వద్దనుకున్నారు. 1952లో రాజ్యసభకు వెళ్ళాక కూడా పార్లమెంటుకు సైకిలు మీదే పోయేవారు. సైకిలు సంగతి అందరూ చెప్తారు, ఆస్తి సంగతి తక్కువమంది చెప్తారు.

తెలంగాణ సాయుధ పోరాటం మీద ఆయన 1972లో పెద్ద పుస్తకం రాశారు. సుమారు 3 వేల గ్రామాల్లో పది లక్షల ఎకరాలు పంచిన సంగతి, గ్రామ దళాల్లో పదివేల మంది, గెరిల్లా దళాల్లో రెండువేల మంది పనిచేసిన సంగతి అందులో లెక్క కట్టారు. వాళ్ళకు జీతాల్లేవు. అన్నం పెట్టింది జనం. 1948 సెప్టెంబరు తరువాత సైన్యం దిగినప్పుడు, మా ములకలపల్లి చుట్టూ ఉన్న పాల్వంచ అడవుల్లాంటి చోట్లకు దళాలు చేరితే గంజి పోసింది కోయ గూడేలే. అందుకే సర్కారు గూడేలను ఖాళీ చేయించి జనాన్ని క్యాంపుల్లో పెట్టింది. వాలంటీరుకు వేరు ఎక్కడుందో సర్కారుకు బాగానే తెలుసు.

ఇప్పటి సంగతికొద్దాం. 2007లో కేంద్రం స్వచ్ఛంద రంగానికి జాతీయ విధానం తెచ్చింది. రిజిస్టరు కాని బృందాలను కూడా లెక్కలోకి తీసుకుంది, స్వచ్ఛంద సంస్థల స్వతంత్రతను ఒప్పుకుంది. మాట మంచిదే. కాని గ్రాంటు కావాలంటే మళ్ళీ రిజిస్ట్రేషను, ఆడిటు. విధానం రాసిన ప్రణాళికా సంఘమే తరువాత రద్దయి, 2015లో నీతి ఆయోగ్ వచ్చింది. 2020లో విదేశీ విరాళాల చట్టాన్ని ఇంకా బిగించారు. ఇదంతా ఆఫీసులున్న సంస్థల గొడవ.

మన గూడెంలో వాలంటీరు ఎవరు? అటవీ హక్కుల కమిటీ సభ్యుడు. 2006 చట్టం కింద గ్రామసభ ఎన్నుకునే ఈ కమిటీలో పది నుంచి పదిహేను మంది ఉంటారు, మూడోవంతు ఆడవాళ్ళుండాలి. పోడు భూమి కొలతకు పోవాలి, సాక్ష్యాలు పోగు చేయాలి, గ్రామసభ ముందు పెట్టాలి. ఇంతటి జాతీయ చట్టాన్ని కింద నడిపే మనిషి మిరప కోతకు పోతే ఆ రోజు కూలి వస్తది, సర్వేకు పోతే రాదు. ఆడకూలీ అయితే పిల్లల్ని ఎవరికో అప్పజెప్పి మరీ పోవాలి. కొన్నాళ్ళకు సర్వేకు వచ్చేవాళ్ళు తగ్గుతారు, అధికారి రాసుకున్న కొలతే కొలతవుతుంది.

సుందరయ్యగారు 1985 మే 19న పోయారు. తన పొట్టకు భూమి ఉన్నవాడు ఆస్తి వదిలి సేవ చేశాడు. పొట్టకు భూమి లేనివాడు సేవ చేయాలంటే విధానంలో కూలి రాయాలి. కమిటీ సభ్యుడు సర్వేకు పోయిన ప్రతి రోజుకూ వ్యవసాయ కనీస వేతనం ఇవ్వాలని వచ్చే గ్రామసభలో తీర్మానం పెట్టిస్తున్నాం. పక్క గూడేలవాళ్ళు కూడా పెట్టండి, నకలు మండలాఫీసులో ఇచ్చి రసీదు తీసుకోండి.