లలిత గారి సభ్యత్వం

సెప్టెంబర్ 15 వచ్చిందంటే బెంగళూరులో ఇంజినీర్లు ఉన్న ప్రతిచోటా మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారి ఫోటోకి దండ పడుతుంది. ఆయన పూర్వీకులది ఉమ్మడి ప్రకాశం జిల్లా మోక్షగుండమని మనం కొంచెం గట్టిగానే చెప్పుకుంటాం. చెప్పుకోవలసిందే. అయితే ఈసారి గోడపత్రికకి ఒక ఇంజినీరు గురించి రాయాలనుకున్నప్పుడు నాకు ఇంకో తెలుగు పేరు తట్టింది. అయ్యలసోమయాజుల లలిత. మన దేశంలో ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ పట్టా తీసుకున్న మొదటి మహిళ. ఈ పేరు చెప్తే మా క్లాసులో ఇద్దరు పాతకాలం సినిమా నటి అనుకున్నారు. అందుకే వివరంగా రాస్తున్నాను.

పొద్దున్నే మన మహదేవపుర నుంచి ఐటీపీఎల్ వైపు వెళ్లే బస్సు ఎక్కి చూడండి. మెడలో ఐడీ కార్డు వేసుకున్న అమ్మాయిల్లో ఎవరు ఇంజినీరో ఎవరు కాదో ఎవరికీ పట్టదు. అంత మామూలైపోయింది. లలిత గారు గిండీ కాలేజీలో చేరిన 1940లో మాత్రం అక్కడ వందల మంది అబ్బాయిలు, ఆవిడ ఒక్కతే అమ్మాయి. పైగా ఇంట్లో చిన్న పాప.

ఆవిడ 1919 ఆగస్టు 27న మద్రాసులో పుట్టారు. ఏడుగురు పిల్లల్లో అయిదో ఆవిడ. నాన్నగారు పప్పు సుబ్బారావు గారు గిండీ ఇంజినీరింగ్ కాలేజీలో ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ ప్రొఫెసర్. ఇంట్లో మగపిల్లలకి ఇంజినీరింగ్, ఆడపిల్లలకి కొద్దిపాటి చదువు, ఆ తర్వాత పెళ్లి. లలిత గారికి కూడా 1934లో, పదిహేనో ఏట పెళ్లి చేసేశారు. పదో తరగతి పూర్తయ్యేదాకా చదువు మాత్రం ఆపలేదు. 1937 సెప్టెంబరులో కూతురు పుట్టింది. నాలుగు నెలలకి భర్త పోయారు. అప్పటికి ఆవిడ వయసు పద్దెనిమిది, అంటే మనలో ఫస్టియర్ వాళ్ల వయసు.

కందుకూరి వీరేశలింగం గారు రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించింది 1881లో. యాభై ఏళ్లు దాటినా ఆ కాలపు సంప్రదాయ కుటుంబాల్లో వితంతువు బతుకు పెద్దగా మారలేదు. కన్యాశుల్కం చదివినవాళ్లకి నేను కొత్తగా చెప్పక్కర్లేదు. గురజాడ గారు బుచ్చమ్మకి పూనాలో విడోస్ హోమ్ చూపించారు. సుబ్బారావు గారు తన కూతురికి తను పాఠం చెప్పే కాలేజీయే చూపించారు.

అది వెంటనే జరగలేదు. ముందు క్వీన్ మేరీస్ కాలేజీలో ఇంటర్మీడియట్, ఫస్ట్ క్లాసు. తర్వాత ఏం చదవాలి? డాక్టరు చదువు అప్పటికే ఆడవాళ్లకి తెలిసిన దారి. కాని వేళాపాళా లేకుండా డ్యూటీకి వెళ్లాలంటే చంటిపిల్ల సంగతి ఏమిటన్నది ఆవిడ ఆలోచన. ఇంజినీరింగ్ అయితే ఆఫీసు వేళలు ఉంటాయి. నాకు ఇది చాలా నచ్చింది. మొదటి మహిళ అనిపించుకోవాలని ఎవరూ బయల్దేరలేదు. పాప నిద్రపోయే టైముకి ఇంట్లో ఉండే ఉద్యోగం కావాలి, అంతే.

గిండీలో అప్పటిదాకా అమ్మాయిల్ని చేర్చుకున్నదే లేదు. సుబ్బారావు గారు ప్రిన్సిపాల్ కె.సి. చాకో గారిని ఒప్పించారు. విద్యాశాఖ డైరెక్టర్ స్టాథమ్ గారు అనుమతి ఇచ్చారు. సీటు వచ్చింది, హాస్టల్ కూడా ఇచ్చారు. పాప మేనమామ ఇంట్లో ఉండేది. ఆవిడ వారాంతాల్లో వెళ్లి చూసుకునేవారు.

చదువు కష్టం కాలేదు గాని, ఒంటరితనం కష్టమైంది. అప్పుడు సుబ్బారావు గారు చేసిన పని నాకు అన్నిటికంటే గొప్పగా అనిపించింది. గిండీలో అమ్మాయిల్ని కూడా చేర్చుకుంటున్నారని ప్రకటన వేయించారు. నా కూతురికి సీటు వచ్చింది చాలు అని ఊరుకోలేదు, తోడు వెతికారు. కొద్ది నెలల్లో కేరళ వైపు నుంచి ఇద్దరు వచ్చి సివిల్‌లో చేరారు. ఒకరు పి.కె. థ్రేసియా, ఇంకొకరు లీలమ్మ జార్జ్. ఈ థ్రేసియా గారే తర్వాత కేరళ ప్రజాపనుల శాఖలో చీఫ్ ఇంజినీర్ అయ్యారు. దేశంలో ఆ పదవికి వచ్చిన మొదటి మహిళ ఆవిడే. యుద్ధం వల్ల కోర్సు కొన్ని నెలలు కుదించారు, దాంతో ముగ్గురూ ఒకేసారి బయటికొచ్చారు. పట్టా కాగితం మీద అతడు అనే అర్థం వచ్చే ఇంగ్లిష్ మాట ముందే అచ్చయి ఉంది. దాన్ని కొట్టేసి ఆమె అని చేత్తో రాసి ఇచ్చారు.

బీహార్‌లోని జమాల్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఏడాది అప్రెంటిస్‌షిప్ చేశారు. 1944లో సిమ్లాలో కేంద్ర ప్రమాణాల సంస్థలో ఉద్యోగం. అన్నగారింట్లో ఉండి చేసుకునే వీలుంది కాబట్టి సిమ్లా. అక్కడ ఉండగానే లండన్‌లోని ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఎలక్ట్రికల్ ఇంజినీర్స్ పెట్టే గ్రాడ్యుయేట్‌షిప్ పరీక్ష రాశారు.

ఈ సంస్థ సంగతి కొంచెం చెప్పాలి. తెలుగు చదివే మనకి ఇవి బొత్తిగా తెలియవు. 1871లో లండన్‌లో టెలిగ్రాఫ్ ఇంజినీర్లు ఒక సొసైటీ పెట్టుకున్నారు. అప్పటికి కరెంటుతో జరిగే పెద్ద పని టెలిగ్రాఫే. తర్వాత దీపాలు, డైనమోలు వచ్చాక 1888లో పేరు మార్చి ఎలక్ట్రికల్ ఇంజినీర్ల సంస్థ చేసుకున్నారు. మన దేశంలో ఇలాంటిది ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఇంజినీర్స్, 1920లో కలకత్తా కేంద్రంగా మొదలైంది. దాని కర్ణాటక కేంద్రం విధానసౌధ దగ్గరే ఉంది.

పట్టా యూనివర్సిటీ ఇస్తుంది. కాని నువ్వు మాలో ఒకడివి అని ఒప్పుకోవలసింది ఆ పని చేసేవాళ్లే. పరీక్ష ప్యాసవ్వాలి, శిక్షణ ఎక్కడ తీసుకున్నావో చూపించాలి, బాధ్యత గల పని నీ చేతిమీదుగా ఎంత జరిగిందో రాసివ్వాలి, ఇప్పటికే సభ్యులైనవాళ్లు నీ తరఫున సంతకం పెట్టాలి, అప్పుడు కౌన్సిల్ ఎన్నుకుంటుంది. మెట్లు కూడా ఉంటాయి, అసోసియేట్ సభ్యుడు, ఆపైన పూర్తి సభ్యుడు ఇలా. ఒకడివి, సభ్యుడు అని కావాలనే రాశాను. అక్కడ చాలాకాలం మగవాళ్లే. ఆర్క్ దీపాలు ఎందుకు బుసకొడతాయో కనిపెట్టిన హెర్థా ఏర్టన్‌ని 1899లో చేర్చుకున్నారు, ఆవిడే అందులో మొదటి మహిళ. అదే ఏర్టన్‌ని 1902లో రాయల్ సొసైటీ మాత్రం చేర్చుకోలేదు. కారణం, పెళ్లయిన స్త్రీ కావడం. ఒకచోట పెళ్లి అయితే తప్పు, ఇంకోచోట మొగుడు పోతే తప్పు. సరే, ముందుకు వెళ్దాం.

1946 డిసెంబరుకి సిమ్లా వదిలి నాన్నగారి పరిశోధనల్లో సాయం చేశారు. ఆయనకి పొగరాని పొయ్యి, కరెంటుతో మోగే ఒక సంగీత వాద్యం లాంటి వాటి మీద పేటెంట్లు ఉండేవి. తొమ్మిది నెలలు చేశాక జీతం వచ్చే ఉద్యోగం చూసుకోక తప్పలేదు. కలకత్తాలో అసోసియేటెడ్ ఎలక్ట్రికల్ ఇండస్ట్రీస్ అనే బ్రిటిష్ కంపెనీలో చేరారు. ఇక్కడ కూడా ఒక అన్నగారి ఇల్లే నీడ. తర్వాత ఆ కంపెనీ వేరేవాళ్ల చేతికి వెళ్లినా ఆవిడ దాదాపు ముప్పై ఏళ్లు అక్కడే పని చేశారు.

ఏం పని? కరెంటు పుట్టిన చోటు నుంచి ఊళ్లకి తెచ్చే పెద్ద లైన్ల డిజైను, సబ్‌స్టేషన్‌లో ఏ పరికరం ఎక్కడ ఉండాలో గీయడం, రక్షణ పరికరాలు నిర్ణయించడం. మన ఇంట్లో షార్ట్ సర్క్యూట్ అయితే ఫ్యూజు పోయి ఇల్లు దక్కుతుంది కదా. లక్షల ఇళ్లకి వెళ్లే లైన్ మీద పిడుగు పడితే ఆ ముక్క మాత్రమే ఆగి మిగతాది నడవాలి. ఆ లెక్క ముందే వేసి పెట్టాలి. భాక్రా నంగల్ డ్యామ్ విద్యుత్ పనుల్లో ఆవిడ చెయ్యి ఉంది. కాని వితంతువు ఒంటరిగా సైట్లకి తిరగడం ఆనాటి సమాజం ఒప్పే విషయం కాదు. ఆవిడ కలకత్తా ఆఫీసులోనే కూర్చుని, సైటులో మగ ఇంజినీర్లకి వచ్చిన చిక్కులు విప్పేవారు.

1953లో లండన్ సంస్థ కౌన్సిల్ ఆవిడని అసోసియేట్ సభ్యురాలిగా ఎన్నుకుంది. 1966లో పూర్తి సభ్యురాలు. పదమూడేళ్ల తేడా. పేరు పక్కన ఆ నాలుగు అక్షరాలు ఎందుకు కావాలి అని మనకి అనిపించవచ్చు. సైటుకి వెళ్లలేని ఇంజినీరుకి, ఆఫీసు గది బయట తన పని ఎవరూ చూడని మనిషికి, నీ లెక్క సరైనదని పని తెలిసినవాళ్లు చెప్పడం చిన్న సంగతి కాదని నేననుకుంటున్నాను.

ఇంకో సొసైటీ ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఇంగ్లండులో ఫ్యాక్టరీలు ఆడవాళ్లతో నడిపించి, యుద్ధం అవగానే ఇళ్లకి పొమ్మన్నారు. అప్పుడు కొందరు కలిసి 1919 జూన్ 23న విమెన్స్ ఇంజినీరింగ్ సొసైటీ పెట్టారు. లలిత గారు మద్రాసులో పుట్టడానికి రెండు నెలల ముందు! ఆవిడకి దాని పరిచయం న్యూయార్క్ దారిలో అయింది. 1964 జూన్‌లో అక్కడ మహిళా ఇంజినీర్ల, శాస్త్రవేత్తల మొదటి అంతర్జాతీయ సదస్సు జరిగింది. 35 దేశాల వాళ్లు వచ్చారు. మన దేశంలో మహిళా ఇంజినీర్లకి సంఘమే లేదు, ఇక పంపేది ఎవరు? ఆవిడ సొంత హోదాలో, చీర కట్టుకుని వెళ్లారు. మరుసటి ఏడాది ఆ లండన్ సొసైటీలో పూర్తి సభ్యురాలయ్యారు.

రెండో సదస్సు 1967 జూలైలో కేంబ్రిడ్జిలో. దానికి మన దేశం తరఫు ప్రతినిధి లలిత గారే. ఈసారి తను ఒక్కతే పోదలచుకోలేదు. పత్రికల్లో ఈ సదస్సు గురించి వచ్చేలా చూసి, ఎక్కడెక్కడో ఒంటరిగా పని చేస్తున్న మహిళా ఇంజినీర్లకి కబురు అందేలా చేశారు. ఇరవై ఏడేళ్ల కిందట గిండీలో వాళ్ల నాన్న వేయించిన ప్రకటన నాకు ఇక్కడ గుర్తొచ్చింది. మన దేశం నుంచి ఇంకొందరు ఇంజినీర్లు కేంబ్రిడ్జికి వెళ్లారు.

ఆవిడ మళ్లీ పెళ్లి చేసుకోలేదు. 1977లో రిటైరయ్యారు. రెండేళ్లకి, 1979లో, అరవై ఏళ్లకే పోయారు. ఆవిడని సభ్యురాలిగా ఎన్నుకున్న లండన్ సంస్థ 2006లో ఇంకో సంస్థతో కలిసి పేరు మార్చుకుంది. ఇప్పుడు దాని పేరు ఐ.ఇ.టి. దాని భారతదేశపు ఆఫీసు మన బెంగళూరులోనే ఉంది.