వీథిబాలుర మిత్రుడు జాన్ బోస్కో

బడిలో చివరి గంట మ్రోగినది మొదలు ఇంట దీపము పెట్టు వేళ వరకును గల కాలము ఎవరి యధీనమునందును ఉండదు. ఉపాధ్యాయులు తమ పని ముగిసినదనుకొందురు. తలిదండ్రులు పొలమునుండియో కచేరినుండియో ఇంకను రాలేదు. ఈ కొలది గంటలకొరకే తన జీవితమును ధారవోసిన యొక గురువుయొక్క చరిత్రమును ఈ సంచికలో మా చదువరులకు నివేదింపదలచితిమి. ఆయన చేరదీసిన బాలురలో పెక్కుమందికి బడియే లేదు; వారు పగలెల్ల కూలిపని చేయువారు. పని విడిచిన సాయంకాలమును, ఆదివారమును మాత్రమే వారి సొత్తు. అయినను చిక్కు ఒక్కటియే.

జాన్ బోస్కో 1815వ సంవత్సరము ఆగష్టు 16వ తేదీన ఇటలీ దేశపు ఉత్తరభాగమున, పీడ్‌మాంటు సీమలో, బెక్కి యను కుగ్రామమున పేద కర్షకకుటుంబమున జన్మించెను. రెండేండ్లు నిండకమునుపే తండ్రి గతించెను. తల్లి మార్గరీత అక్షరము లెరుగనిది. అయినను ముగ్గురు పిల్లలను, వృద్ధురాలగు అత్తను పోషించినది. దున్నువానికి చదువేల యని సవతియన్న అడ్డుపడుటచే జాను పండ్రెండేండ్ల ప్రాయమున ఇల్లు విడిచి, పరుల పొలమున పాలేరుగా ఉండవలసివచ్చెను. పిమ్మట దర్జీపనియు, కియేరి పట్టణమున కాఫీ అంగడిలో పరిచర్యయు చేయుచు చదువుకొనెను.

బాల్యమున నీతడు సంతలకేగి గారడివారి విద్యలను కన్నార్పక చూచి నేర్చెడివాడు. పండుగదినములలో పల్లెపిల్లలను కూడగట్టి, త్రాటిపై నడచియు, వస్తువులను మాయముచేసియు చూపుచు, నడుమ జపమాల చెప్పించి, ఆనాడు గుడిలో విన్న ప్రసంగమును అప్పజెప్పెడివాడు. జపమునకు నిలువనివానికి గారడి చూచు భాగ్యము లేదు. ఇది నవ్వు పుట్టించు సంగతియే కాని, ఆయన పెద్దయైన పిమ్మట చేసిన పనియంతయు ఇందు బీజరూపమున నున్నదని మాకు తోచుచున్నది.

1841 జూన్ 5వ తేదీన గురుపట్టము పొంది ఆయన టూరిన్ నగరమునకు వచ్చెను. అప్పుడా నగరము పెరుగుచుండెను. కొండపల్లెలనుండి బాలురు తాపీపనికిని, రాళ్లు చెక్కు పనికిని గుంపులుగా వచ్చి, దిక్కుదెస లేక వీథులలో తిరుగుచుండిరి. కఫాస్సో యను గురువు బోస్కోను నగరపు చెరసాలలకు వెంటబెట్టుకొని పోయెను. అచట పండ్రెండు మొదలు పదునెనిమిదేండ్ల వరకు వయసుగల బాలురు, దృఢగాత్రులు, తెలివిగలవారు, పురుగులకు ఆహారమగుచు పనిపాట లేక పడియుండుట ఆయన కంటబడెను. అంతకంటె ఆయన మనసును కలచిన విషయ మింకొకటి: విడుదలయైనవారు కొలదిదినములకే మరల అక్కడకే వచ్చుచుండిరి. బయటికి వచ్చినవారికి చేయి యందించువాడొక్కడును లేడు. చెరసాలకు వెళ్లిన పిదప చేయు బోధకంటె, వెళ్లకమున్ను చూపు స్నేహమే మేలని ఆయన నిశ్చయించుకొనెను.

ఆ సంవత్సరమే డిసెంబరు 8వ తేదీన, అస్సీసి ఫ్రాన్సిసు దేవాలయమున ఆయన పూజకు సిద్ధపడుచుండగా, గుడిపనివాడు చీపురుకఱ్ఱతో నొక కుఱ్ఱని కొట్టి తరుముట చూచెను. వాడు చేసిన తప్పు పూజలో సాయముచేయుట తెలియకపోవుటయే! బోస్కో వానిని తన స్నేహితుడని చెప్పి వెనుకకు పిలిపించెను. వాని పేరు బర్తలోమియో గరెల్లి. తల్లిదండ్రులు లేని తాపీకుఱ్ఱడు. చదువ వచ్చునా యనగా రాదనెను. పాడ వచ్చునా యనగా రాదనెను. ఈల వేయ వచ్చునా యని యడిగినంతనే వాడు నవ్వెను. ఆ నవ్వుతోనే పని ఆరంభమైనది. మరుసటి ఆదివారము వాడు తోటివారిని వెంటబెట్టుకొని వచ్చెను, కొలదినెలలలో ముప్పదిమందైరి. బోస్కో వారాంతము వరకు వేచియుండక, పనిదినములలో వారు పనిచేయు కట్టడములకు తానే పోయి, యజమానులతో మాటాడి వారి క్షేమము విచారించెడివాడు.

సంఖ్య వందలకు పెరిగినకొలది నిలుచుటకు చోటు లేకపోయెను. శ్మశానపు గుడినుండియు, మిల్లులనుండియు, అద్దెయిండ్లనుండియు, తుదకు బయలునుండియు వారిని అల్లరి భరింపలేక వెళ్లగొట్టిరి. నగరాధికారి యగు మార్క్విస్ కవూరు ఈ గుంపులవలన తిరుగుబాటు పుట్టునేమో యని శంకించి, కావలివారిని పంపెను. తోడిగురువులు సైతము బోస్కోకు మతి చలించినదని తలచిరి. ఇరువురు గురువులు బండి తెచ్చి, షికారు నెపమున ఆయనను పిచ్చాసుపత్రికి కొనిపోజూడగా, ఆయన వినయముతో వారినే ముందెక్కించి, తలుపు మూసి, బండివానిని తిన్నగా ఆసుపత్రికి తోలుమనెనట! ఈ కథను ఆయనయే వ్రాసికొనెను.

1846 ఏప్రిల్ 12వ తేదీన, ఈస్టరు పండుగనాడు, వాల్డొక్కో పేటలో పినార్ది యనువాని పాక వారికి నెలవయ్యెను. కప్పు మిక్కిలి క్రిందుగా నుండుటచే నేలను త్రవ్వించి లోతుచేయవలసివచ్చెను. రాత్రిపాఠశాలలు అంతకుముందు చలికాలమే మొదలైయుండెను. ఇచట అవి విస్తరించెను. మట్టి యంటిన చేతులతో బాలురు వచ్చి చదువు, వ్రాత, లెక్కలు, సంగీతము నేర్చుచుండిరి. 1850లో ఆ రాజ్యమున మీటరు కొలతలు అమలులోనికి రానుండగా, పనివాండ్రు మోసపోకుండుటకై ఆయన ముందుగనే సులభమైన చిన్న పుస్తకమును రచించెను. ఆటలు, పాటలు, ఊరిబయటి నడకలు చదువుతో సమానముగా సాగెను. గురువు తానే ముందు పరుగెత్తెడివాడు.

ఇంతటి శ్రమచే 1846 జూలైలో ఆయన మరణోన్ముఖుడయ్యెను. బాలురు ఉపవాసములుండి ప్రార్థించిరి. కోలుకొనిన పిదప, నవంబరు 3వ తేదీన ఆయన యేబదియెనిమిదేండ్ల తల్లిని వెంటబెట్టుకొని కాలినడకను టూరిన్ చేరెను. ఆమె తన పెండ్లినాటి బట్టలనమ్మి ఆ యింటి ఖర్చులకిచ్చెను. దిక్కులేని కుఱ్ఱలకు గడ్డియటుకపై పడకలిచ్చినంతనే, తెల్లవారుసరికి వారు దుప్పట్లతో పరారియైరి. అయినను 1847లో నొక వానరాత్రి, తడిసి వణకుచు ఒక అనాథబాలుడు తలుపు తట్టగా తల్లీకొడుకులు త్రోయలేకపోయిరి. ఆమె ఇటుకలపై పలకలు పరచి వంటయింటిలో పడక వేసెను; వంటపాత్రలు పోవునేమో యని తాళము మాత్రము వేసినది! ఆ తల్లి వివేకమును మేము మెచ్చుకొనక తప్పదు. ఆ యొక్క పడకయే తరువాత వందల పడకలయ్యెను. ఒకనాడు పిల్లలు యుద్ధపుటాట ఆడుచు ఆమె కూరతోటను త్రొక్కివేయగా, విసిగి పల్లెకు పోయెదననెను. కుమారుడు మాటాడక గోడమీది సిలువను చూపెను. ఆమె ఉండిపోయి, 1856లో అచటనే కన్నుమూసెను.

పగటివేళ పనిలో బాలురు చెడిపోకుండుటకు బోస్కో ఇంకొక ఉపాయము కనిపెట్టెను. 1851 మొదలు యజమానులతో కాగితముపై ఒడంబడికలు వ్రాయించెను: పని నేర్పవలయును, ఊడిగము చేయింపరాదు, మాటతో మందలింపవలయును గాని కొట్టరాదు, పండుగనాడు సెలవు, వారము వారము జీతము. 1853లో తన యింటనే చెప్పులు కుట్టుటకును, బట్టలు కుట్టుటకును పనిశాలలు పెట్టెను. పుస్తకములు కట్టుట, వడ్రంగము, అచ్చుపని తరువాత చేరెను.

దండించి దిద్దుటకంటె తప్పు జరుగకుండ కనిపెట్టియుండుటయే మేలను తన పద్ధతిని ఆయన 1877లో గ్రంథస్థము చేసెను. ఎందరు బాలురు దీనివలన చెరసాల తప్పించుకొనిరో లెక్క తేల్చుట అసాధ్యము. జరుగని నేరమునకు దస్త్రములుండవు గదా. 1859లో సలేసియను సభను స్థాపించినపుడు, అందు చేరినవారిలో అధికసంఖ్యాకులు ఆయన పెంచిన పిల్లలే యగుట మాత్రము మనకు తెలియును. ఆ సభవారు 1875లో అర్జెంటీనాకును, 1906లో మన దేశమున తంజావూరునకును వచ్చిరి. బోస్కో 1888 జనవరి 31వ తేదీన టూరిన్‌లో పరమపదించెను. 1934లో ఆయనను అర్చ్యశిష్టుడని ప్రకటించిరి.

ఒక చిన్న సంగతి చెప్పి విరమింతుము. తొలినాళ్లలో నొకప్పుడు పతకములు పంచుచుండగా, చివర నిలిచిన బక్కపలుచని బాలునివంతు వచ్చుసరికి అవి అయిపోయెనట. బోస్కో ఎడమచేతిని చాచి, కుడిచేతితో దానిని సగమునకు కోసినట్లు అభినయించి, తీసికొమ్మనెనట. బాలునికేమియు బోధపడలేదు. ఆ బాలుడు మైకేల్ రువా. జీవితాంతము ఆ పనిలో సగము మోసి, 1888లో గురువుగారి పీఠమున కూర్చున్నవాడు అతడే.