మార్కు ట్వేను: వ్యాపారమున గెలుపోటములు

టామ్ సాయర్, హకిల్‌బెరీ ఫిన్ అను బాలురను లోకమునకు ప్రసాదించిన మార్కు ట్వేను గ్రంథములు లేని గ్రంథాలయములు అరుదు. నండూరి రామమోహనరావుగారి తెలుగు అనువాదముల మూలమున ఆ బాలురు మన పిల్లలకును చెలికాండ్రైరి. కాని ఆ రచయిత వ్యాపారమున దిగి సర్వస్వమును పోగొట్టుకొనిన వృత్తాంతము కొందఱికే తెలియును.

ఈతని అసలు పేరు శామ్యూల్ క్లెమెన్సు. 1835 నవంబరు 30వ తేదీన అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రమున జన్మించెను. పండ్రెండవ యేట తండ్రి గతింపగా, కొలదికాలమునకే ముద్రణాలయమున అక్షరములు కూర్చు పని నేర్చెను. పిమ్మట మిసిసిపీ నదిపై పొగయోడలు నడపెను. 1861లో అంతర్యుద్ధము వలన ఆ వృత్తి పోయెను. నెవాడా వెండిగనుల నాశించి వెళ్లి రిక్తహస్తుడయ్యెను. కలము పట్టిన పిదపనే లక్ష్మి కటాక్షించెను. నీరు పండ్రెండడుగుల లోతున్నది, ఓడకు భయము లేదని తెలుపు నావికుల కేకయే ఆతని కలము పేరు. నదిలోతు నెఱిగిన ఆ మహాశయుడు వ్యాపారపు లోతును మాత్రము కొలువలేకపోయెను.

1884లో ఆతడు మేనకోడలి భర్తయగు వెబ్‌స్టరు పేర స్వంత ప్రచురణ సంస్థను స్థాపించెను. మాజీ అధ్యక్షుడగు గ్రాంటు సేనాపతి ఆనాడు భాగస్వామి మోసము వలన నిర్ధనుడై, కంఠవ్రణముతో బాధపడుచు స్వీయచరిత్రను వ్రాయుచుండెను. అన్యులు నూటికి 10 వంతులు ఇవ్వజూపగా, ట్వేను నికరలాభమున నూటికి 70 వంతులు ఇచ్చుటకు ఒప్పుకొనెను. గ్రాంటు 1885 జూలైలో గ్రంథము ముగించి, కొన్ని దినములకే మరణించెను. ప్రతినిధులు ఇల్లిల్లు తిరిగి చందాదారులను చేర్చిరి. 3 లక్షలకు పైగా ప్రతులు చెల్లెను. 1886లో గ్రాంటు భార్యకు ఒక్క హుండీతోనే 2 లక్షల డాలర్లు ముట్టెను.

ఈ విజయము న్యాయమైనదే. ట్వేనునకు పుస్తకము తెలియును, చదువరి తెలియును, యుద్ధవీరునిపై జనులకు గల అభిమానము తెలియును. కాని తెలిసిన రంగమున కలిగిన ఈ గెలుపును ఆతడు సర్వవ్యాపారములందును తనకు గల ప్రజ్ఞగా భ్రమించెను. వినాశమునకు బీజము అదియే.

అక్షరములను యంత్రముచే కూర్పవలెనని పేజి అను శిల్పి యత్నించుచుండెను. బాల్యమున ఆ పనియే చేసిన ట్వేను ఆ యంత్రమును చూచి ముగ్ధుడై, 1880 మొదలు ధనము పోయసాగెను. అందు సుమారు 18,000 భాగములుండెను. నడచునపుడు అద్భుతముగా నడచును, కాని తఱచు చెడుచుండును. పేజి దానిని విప్పి మరల దిద్దుచునే యుండెను. ఇంతలో మెర్గెంతాలర్ నిర్మించిన లైనోటైపు 1886లోనే న్యూయార్కు పత్రికాలయమున పనిచేయ నారంభించెను. అది సరళమైనది, వరుసకు వరుసగా సీసమును పోతపోయునది. అయినను ట్వేను ఆశ వీడలేదు. పోయినదానిని రాబట్టుటకై మరికొంత పెట్టెను. మొత్తము సుమారు 3 లక్షల డాలర్లు పోయెనని అంచనా.

ప్రచురణ సంస్థయు ఇట్లే కుంగెను. పోపు జీవితచరిత్రను కథోలికులందఱును కొందురని తలచెను, అది తగినంత చెల్లలేదు. వాయిదాలపై అమ్మిన పదునొకండు సంపుటముల సాహిత్యసంకలనము మూలధనమును మింగెను. ఖాతాలలో రాబడి కనబడుచుండెను, పెట్టెలో రొక్కము మాత్రము లేదు. 1893 ఆర్థిక సంక్షోభమున అప్పు పుట్టుట దుర్లభమై, 1894 ఏప్రిలులో సంస్థ దివాలా తీసెను.

అప్పుడు ఆదుకొనినవాడు స్టాండర్డు ఆయిల్ కంపెనీ ప్రముఖుడగు హెన్రీ రోజర్సు. ఆతడు ఋణదాతలను సమాధానపఱచి, గ్రంథముల హక్కులను ట్వేను భార్య పేర నిలిపి కాపాడెను. యంత్రమును పరీక్షింపజేసి, అది పనికిరాదని తేలగానే ఆశ విడువుమని నిర్మొహమాటముగా తెలిపెను. ఉత్తమ వ్యాపారికిని ఔత్సాహికునికిని గల తారతమ్యము ఇక్కడనే స్పష్టము. ఎచ్చట పెట్టవలెనో తెలియుట సగము విద్య, ఎచ్చట ఆపవలెనో తెలియుట తక్కిన సగము.

చట్టప్రకారము పూర్తిగా చెల్లింప నక్కఱలేకున్నను, ట్వేను పూర్తిగా తీర్ప నిశ్చయించెను. దాదాపు అఱువది యేండ్ల వయస్సున, 1895లో భార్యతోను, నడిమి కుమార్తెతోను ప్రపంచయాత్రకు వెడలి ఉపన్యాసము లిచ్చెను. 1896లో బొంబాయి, కలకత్తా నగరములను దర్శించెను. ఆ యేట ఆగస్టులో ఇంటివద్ద పెద్ద కుమార్తె మరణించెను. ఆ శోకమును దిగమ్రింగి యాత్రాగ్రంథము వ్రాసెను. 1898 నాటికి ప్రతి ఋణదాతకును పూర్తిగా ముట్టెను.

పిదపను ఒక పాలపొడి కంపెనీలో ధనము పెట్టి నష్టపడెను. అంతటి బుద్ధిశాలికిని తన శక్తిపై గల భ్రమ వదలుట కష్టమయ్యెను. 1910 ఏప్రిల్ 21వ తేదీన ఆతడు దివంగతుడయ్యెను.

ఆతనిని ముంచినది పరుల యంత్రము, తేల్చినది స్వంత కలము. కొట్టు పెట్టదలచినవారును, మర వేయదలచినవారును ముందుగా తమకు నిజముగా తెలిసిన పని యెంతయో లెక్కించుకొనవలెను. లెక్క తప్పినను, పరుల బాకీ తీర్చువఱకు విశ్రమింపని ఆతని శీలము మాత్రము ఎల్లరకును అనుసరణీయము.